ఇరవై రెండేళ్లు ఆలస్యమైన మాట

నొబుయే యమగాత పట్నంలో క్షౌరశాల నడిపే ఇంట పుట్టింది. నురగ రాసిన గడ్డంతో వెనక్కి వాలి కూర్చున్న మనిషి చెప్పని సంగతి ఉండదు. ఎవరి కోడలు అలిగి వెళ్లింది, ఎవరి పొలం తాకట్టులో ఉంది, అన్నీ ఆ కుర్చీలోనే బయటపడేవి. సాయంత్రం చీపురు పట్టుకున్నప్పుడు తండ్రి కూతురికి ఒకటే చెప్పేవాడు: "జుట్టుతోపాటు మాటలు కూడా ఊడ్చెయ్యాలమ్మా. గడప దాటనివ్వకూడదు." ఆ మాటను ఆమె చిన్నప్పుడే ఒంటబట్టించుకుంది. అది తన బతుకులో ఇంత పనికొస్తుందని అప్పుడు తెలియదు.

ఇరవై ఆరో ఏట ఆమెను ఇగరాషి కత్సుహికో అనే పోలీసుకిచ్చి పెళ్లి చేశారు. మనిషి నెమ్మది. ఒక మాట అడిగితే సగం రోజు ఆలోచించి జవాబు చెప్పే రకం. పిల్లలు లేరు. తొమ్మిదేళ్లు పట్నం క్వార్టర్లలో గడిచాక, 1993 వసంతంలో తకినొసావా లోయకు బదిలీ అయింది. కొండల మధ్య చెర్రీ తోటలు, వరి మళ్లు, తొంభై గడపలు. అక్కడి పోలీసు ఠాణాను చూజైషో అంటారు. ముందు గది ఆఫీసు, వెనక రెండు గదులూ వంటిల్లూ కాపురం. భర్త మోటారు సైకిలు మీద లోయ తిరగడానికి వెళితే ఫోను ఎత్తాల్సింది భార్యే. దారి తప్పినవాళ్లకు దారి చెప్పాల్సిందీ, గుమ్మంలోకి వచ్చినవాళ్లను కూర్చోబెట్టాల్సిందీ ఆమే. జీతం ఒకరికి, ఉద్యోగం ఇద్దరికి.

అయితే ఆ గుమ్మంలోకి ఎవరూ రాలేదు.

నెల గడిచింది. దారిలో ఎదురైనవాళ్లు నడుం వంచి పలకరించేవాళ్లు, ఆగేవాళ్లు కాదు. సోయా పెరుగు కొనడానికి దుకాణంలోకి ఆమె అడుగుపెడితే అప్పటిదాకా గలగలలాడుతున్న ఆడవాళ్లకు ఒక్కసారిగా ఇంట్లో పనులు గుర్తొచ్చేవి. కత్సుహికో ఇల్లిల్లూ తిరిగి, ఎవరింట్లో ఎంతమంది, ఆపద వస్తే ఎవరికి కబురు చేయాలి అని కార్డులు రాసుకునేవాడు. అది ఆ ఉద్యోగంలో ప్రతివాడూ చేసే పనే. జనం పేర్లు చెప్పి, టీ ఇవ్వకుండా పంపేసేవారు. ఊరి చివర చెర్రీ తోటలో ఒంటరిగా ఉండే హంగాయ్ తొయో అనే ముసలామె తలుపే తీయలేదు. లోపల రేడియో మోగుతూనే ఉంది. అతను టోపీ తీసి, మూసిన తలుపుకే నమస్కరించి తిరిగి వచ్చాడు. ఆమె కార్డు ఖాళీగా ఉండిపోయింది.

మొదట నోరు విప్పింది పక్కింటి ఫుకికో. నొబుయే కంటే పదేళ్లు పెద్దది, నోరు ఊరుకోని మనిషి. వర్షాకాలంలో ఓ మధ్యాహ్నం ఉప్పులో ఊరవేసిన ఆవాకు గిన్నెతో వంటింటి వైపు వచ్చింది. ముందు గుమ్మం వైపు చూడను కూడా చూడలేదు. నొబుయే టీ పోసింది. మాటల్లో మాటగా ఫుకికో, తన భర్త చలికాలంలో ఇంట్లోనే బియ్యపు కల్లు పులియబెడతాడనీ, అది లేకపోతే ఆయన నడుంనొప్పి తగ్గదనీ అనేసింది. అన్నాక ఎక్కడ కూర్చుని అన్నదో గుర్తొచ్చింది. ఇంట్లో కల్లు చేయడం చట్టం ప్రకారం నేరం. గిన్నె కూడా వదిలేసి లేచిపోయింది.

ఆ రోజంతా నొబుయేకు అదే ఆలోచన. భర్త దగ్గర దాచడం ఆమెకు అలవాటు లేదు, చెబితే ఆ ఇల్లు ఏమవుతుందో తెలియదు. చివరికి పేర్లు లేకుండానే అడిగింది.

"ఏవండీ, వంటింట్లో విన్న మాట ఆఫీసు గదిలోకి తేవాలా?"

కత్సుహికో తన అలవాటు ప్రకారం చాలాసేపు ఆలోచించాడు. "ఎవరి ప్రాణానికైనా, ఒంటికైనా ముప్పుంటే తేవాలి. ఇంకొకరి సొత్తు పోయేదైనా తేవాలి. అప్పుడు కూడా, తెస్తున్నానని ఆ మనిషికి చెప్పి తే. మిగతాది నీది. నేను అడగను."

మర్నాడు నొబుయే ఆ గిన్నెలో ఉడికించిన గుమ్మడి ముక్కలు పెట్టి పక్కింటికి తీసుకెళ్లింది. కల్లు మాట ఎత్తలేదు. ఆకు చాలా బావుంది, ఎంత ఉప్పు వేస్తారని మాత్రం అడిగింది. ఫుకికో వారం రోజులు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ రాలేదు. రెండో వారం వంటింటి మెట్టు మీదికి వచ్చి కూర్చుంది. "పోలీసమ్మా, నీ కడుపులో మాట దాగుతుందే!" అంది. ఆ పేరు ఊరంతా స్థిరపడిపోయింది. ఆ తర్వాత ఒక్కొక్కరే వెనకవైపు నుంచి రావడం మొదలుపెట్టారు. ముందు గదిలోని కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు.

ఎందుకని నొబుయే అడిగింది. ఫుకికో మొదటిసారి గొంతు తగ్గించింది.

1974 చలికాలంలో కలప కూలీల కొట్టంలో ఆరు రంపపు యంత్రాలు పోయాయట. కొట్టం తాళంచెవి తొయో భర్త జింజో దగ్గర ఉండేది. పట్నం నుంచి వచ్చిన పోలీసులు పట్టపగలు, బడి వదిలిన వేళ, ఊరంతా చూస్తుండగా అతన్ని కారెక్కించి తీసుకెళ్లారు. ఇరవై రోజులు ఉంచుకున్నారు. అతను ఒప్పుకోలేదు, వాళ్లకు ఆధారం దొరకలేదు. చీకటి పడ్డాక బస్సు ఆగే చోట దింపి వెళ్లిపోయారు. తప్పు అతనిది కాదని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు ఊళ్లో వాళ్లు. జింజోను కూలికి పిలవడం మానేశారు. ఐదేళ్లకు పోయాడు. అప్పటినుంచీ తొయో పోలీసు నీడ కూడా తొక్కదు. ఊరివాళ్లకు పోలీసంటే భయం. తొయోను చూస్తే సిగ్గు. రెండూ కలిసి ఆ గుమ్మాన్ని మూసేశాయి.

"అప్పటికి మీ ఆయన బడి పిల్లాడు. ఆయన తప్పేం లేదు. కానీ చొక్కా అదే కదా," అంది ఫుకికో.

నొబుయే ఆ మాట పట్టుకుని చాలా రోజులు తిరిగింది. కత్సుహికో ఏడాదికి రెండుసార్లు తొయో తలుపు ముందు టోపీ తీసి నిలబడుతూనే ఉన్నాడు, రేడియో మోగుతూనే ఉంది. మూడో ఏడు శరదృతువులో నొబుయే ఒంటరిగా వెళ్లింది. తొయో తోటలో రాలిన ఆకులు పోగు చేస్తోంది. గట్టి మనిషి, డెబ్బై దాటినా నడుం వంగలేదు. నొబుయే తాను చేసిన బియ్యప్పిండి ఉండలు చేతికివ్వబోతే తీసుకోలేదు.

"నీ చేతిది తినను అమ్మాయ్. నీ మీద కోపం లేదు. తింటే పోయిన మా ఆయనకి ఏం చెప్పుకోను?"

నొబుయే ఉండలు మళ్లీ గుడ్డలో కట్టేసి, ఇంకో దంతె తీసుకుని ఆకులు లాగింది. గంటసేపు ఇద్దరూ ఆకులు పోగు చేశారు. ఆ తర్వాత తొయో దంతెను చెట్టుకు ఆనించి, తనంతట తనే చెప్పింది. తీసుకెళ్లినందుకు కాదు తన ఏడుపు. అనుమానం ఎవరికైనా వస్తుంది. పగలు తీసుకెళ్లినవాళ్లు పగలు తెచ్చి దింపలేదు. అందరూ చూస్తుండగా ఎక్కించినవాళ్లు, అందరూ వింటుండగా ఇతను కాదని ఒక్క మాట అనలేదు. ఆ మాట కోసం జింజో ఐదేళ్లు రోడ్డు వైపు కూర్చున్నాడు.

నొబుయే కళ్లు తుడుచుకుని, "ఇది మా ఆయనకి చెప్పొచ్చా పెద్దమ్మా?" అని అడిగింది.

తొయో ఆమె వైపు వింతగా చూసింది. చెప్పేవాళ్లు అడిగి చెప్పడం ఆమెకు కొత్త. "చెప్పుకో. పోయినవాడైతే రాడు," అంది.

కత్సుహికో విన్నాడు. ఈసారి సగం రోజు కాదు, రెండు రోజులు ఆలోచించాడు. ఆపైన సెలవు రోజుల్లో పట్నం వెళ్లి పాత దస్తరాలు తిరగేయడం మొదలుపెట్టాడు. చలికాలం మొదలయ్యేటప్పటికి దొరికింది. 1976లో పక్క రాష్ట్రంలో పట్టుబడ్డ ఒక దొంగ, తకినొసావా రంపాలు కూడా తానే ఎత్తుకెళ్లానని ఒప్పుకున్నాడు. అప్పటికి జింజో ఇంకా బతికే ఉన్నాడు. ఆ కాగితం ఒక బీరువాలోంచి ఇంకో బీరువాలోకి వెళ్లిందే తప్ప లోయకు రాలేదు. పై అధికారికి చూపిస్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మానిన పుండును ఇప్పుడు గోకడం ఎందుకన్నాడు. మానలేదని కత్సుహికో చెప్పాడు. ఆయన అవుననలేదు, కాదనలేదు. కాగితం నకలు తీసుకోవడానికి మాత్రం అడ్డు చెప్పలేదు.

ఊరి వార్షిక సమావేశం ఫిబ్రవరిలో, ఆదివారం పొద్దున్న, సభా మందిరంలో జరుగుతుంది. దానికి నాలుగు రోజుల ముందు కత్సుహికో తొయో ఇంటికి వెళ్లాడు. మంచు మోకాలి లోతు. టోపీ తీసి, మూసిన తలుపుతోనే మాట్లాడాడు. దొరికిన కాగితం సంగతి చెప్పి, అందరి ముందూ చదవడానికి అనుమతి కావాలన్నాడు, మీరు వద్దంటే చదవనన్నాడు. లోపల రేడియో ఆగింది. తలుపు తెరుచుకుంది. తొయో ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి, ఒకటికి నాలుగుసార్లు చదువుకుంది. "నేనూ వస్తాను," అని మాత్రం అంది.

ఆ ఆదివారం ఆమె మొదటి వరసలో కూర్చుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ మందిరంలో అడుగుపెట్టలేదు. కాలవ మరమ్మతులు, పిట్టలు కాయలు తినకుండా తోటల మీద కప్పే వలలు, అన్నీ మాట్లాడుకోవడం అయ్యాక కత్సుహికో లేచాడు. నొబుయే వెనక గోడ దగ్గర నిలబడి ఉంది. ఒక్క మాటకు సగం రోజు తీసుకునే మనిషి, ఇంతమంది ముందు తడబడతాడేమోనని ఆమె భయపడింది.

అతను తడబడలేదు. తేదీ చెప్పాడు, దొంగ ఒప్పుకున్న మాటలు చదివాడు. తర్వాత టోపీ బల్ల మీద పెట్టి తొయో వైపు తిరిగాడు.

"హంగాయ్ జింజోగారు ఏమీ తీయలేదు. పోలీసులం తప్పు చేశాం. తెలిశాక కూడా వచ్చి చెప్పలేదు. అది ఇంకా పెద్ద తప్పు. ఇరవై రెండేళ్లు ఆలస్యమైంది, క్షమించండి," అని నేలకు తల ఆనించాడు.

తొయో తల వంచుకుని కూర్చుంది. కాసేపటికి ఊరిపెద్ద కన్నో లేచాడు. కలప కూలీల మేస్త్రీగా అప్పట్లో జింజోను పని నుంచి తీసేసింది అతనే. ముందుకు వచ్చి, కత్సుహికో పక్కనే మోకాళ్ల మీద కూర్చుని తానూ తల వంచాడు. "తీసుకెళ్లింది వాళ్లు వదినా. వెలేసింది మేం," అన్నాడు. వెనకాల ఒక్కొక్కరే వంగారు. ఫుకికో ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు నొబుయేకు వినిపించింది.

తొయో తలెత్తి, "ఆయనకి వెళ్లి చెప్తాను," అంది. లేచి, మంచులో నడుచుకుంటూ సమాధుల వైపు వెళ్లింది. ఎవరూ వెంట వెళ్లలేదు.

మర్నాటి నుంచీ ఊరు మారిపోయిందంటే అబద్ధమే అవుతుంది. మార్పు మెల్లగా వచ్చింది. ముందు గదిలోకి ఎవరో పోయిన గొడుగు కోసం వచ్చారు, ఇంకెవరో తాగుబోతు తమ్ముణ్ణి మందలించమని వచ్చారు. తొయో కార్డు నిండింది. అందులో, ఆపద వస్తే ఎవరికి చెప్పాలి అన్నచోట ఆమె పోలీసమ్మ పేరు రాయించింది. ఆ గీత మీద తన పేరు చూసిన రోజు నొబుయే వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

మరుసటి ఏడు జూన్‌లో, చెర్రీలు ఎర్రబడే వేళకు, కొండకు అవతలి లోయలో రెండు తోటలు దోచుకున్నారని కబురొచ్చింది. కోతకు సిద్ధంగా ఉన్న చెట్లను కొమ్మలు విరిచి మరీ ఊడ్చుకుపోయారట. ఏడాది కష్టం ఒక్క పూటలో పోతుంది. తకినొసావాలో అందరికీ నిద్ర కరువైంది. భయం పట్టుకున్న ఊరు ముందు ఒక మొహం వెతుక్కుంటుంది. వాళ్లకు దొరికింది ర్యోజి. ముప్పై ఏళ్లవాడు, సెందాయ్ నగరంలో ఉద్యోగం పోయి, చనిపోయిన అమ్మమ్మ ఇంట్లో ఒంటరిగా ఉంటూ తోటల్లో కొమ్మలు కత్తిరించే పనికి వెళ్తాడు. ఎవరితోనూ కలవడు. ఏ చెట్టు ఎప్పుడు పండుతుందో వాడికి తెలుసన్నారు. పట్నం అధికారులకు చెప్పి వాణ్ణి ఓసారి పట్టుకెళ్లి అడిగిస్తే పోతుందని ఇద్దరు ముగ్గురు కత్సుహికో దగ్గరికే వచ్చారు. ఏం చూశారని అతను అడిగాడు. ఎవరూ ఏమీ చూడలేదు. చూసింది చెప్పండి, అనుకున్నది కాదు, అని పంపేశాడు. వాళ్లు గొణుక్కుంటూ వెళ్లారు.

ఆ సంగతి తొయో చెవిన పడింది. ఆ మధ్యాహ్నమే చేతిలో ఓ అట్టముక్కతో వంటింటి వైపు వచ్చింది. నొబుయే బఠానీలు ఒలుస్తోంది.

"పొద్దున్న ఒకడొచ్చాడు అమ్మాయ్. వలలు పరీక్ష చేసేవాణ్ణన్నాడు. చెప్పులకి మట్టి లేదు. వలకేసి చూడలేదు, కాయకేసి చూశాడు. ఇంట్లో ఎంతమంది ఉంటారు, కుక్క ఉందా అని అడిగాడు. ముసలిదాన్ని కదా, చెవుడు నటించా. వెళ్లేటప్పుడు బండి నంబరు రాసుకున్నా," అని అట్టముక్క చాపింది. చెర్రీ పెట్టె అట్ట, పెన్సిలు రాత.

"పెద్దమ్మా, ఇది ముందు గదికి వెళ్లాల్సిన మాట. తీసుకెళ్లనా?"

"నువ్వెందుకు తీసుకెళ్లడం? నేనే పోతా," అని తొయో లేచింది. వంటింట్లోంచి చుట్టూ తిరిగి వీధి వైపు వెళ్లి, అందరికీ కనబడేలా ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. కత్సుహికో లేచి నమస్కరించి, రాసుకోవడానికి కలం తీశాడు.

ఆ తర్వాత నొబుయే ఫోను ముందు కూర్చుని ఇల్లిల్లూ పిలిచింది. నాలుగేళ్ల కిందట ఆమె చేస్తే ఎవరూ ఎత్తేవాళ్లు కారు. ఇప్పుడు ఒకామె, అవును, మా ఇంటికీ వచ్చాడంది. ఇంకొకామె, తెల్ల బండి మా వంతెన మీద రెండుసార్లు తిరిగిందని చెప్పింది. ఫుకికో అయితే వాడికి టీ కూడా ఇచ్చానని తల బాదుకుంది. ఎవరికి వాళ్లు చిన్న విషయం అనుకున్నారు. అన్నీ ఒకచోట చేరేసరికి ఏ మూడు తోటల మీద వాళ్ల కన్ను పడిందో కూడా తేలిపోయింది. ఊళ్లోవాళ్లు కర్రలు తీశారు. కత్సుహికో కర్రలు ఇళ్లలో పెట్టించి, ప్రతి తోటలో దీపాలు వేయించి, మనుషులను ఇద్దరిద్దరుగా నడవమన్నాడు. బండి నంబరు పట్నం చేరింది. మూడో నాడు తెల్లవారుజామున లోయకు వచ్చే రోడ్డు మీద, వంతెనకు ఇవతలే, పట్నం పోలీసులు ఆ బండిని ఆపారు. లోపల ఖాళీ పెట్టెలు, కత్తెరలు, నలుగురు మనుషులు. కొండవతలి తోటల దొంగతనాలు వాళ్లే ఒప్పుకున్నారు. తకినొసావాలో ఒక్క పండు పోలేదు.

ఊరు ఊపిరి పీల్చుకుని పండగ చేసుకుంటుంటే తొయో మాత్రం కన్నో ఇంటికి వెళ్లింది. ర్యోజి పేరు వాడవాడలా అన్నారు కదా, ఇప్పుడు కాదన్న మాట కూడా వాడవాడలా అనాలి, లేకపోతే నేను ఊరుకోనంది. కన్నోకు ఆమెతో వాదించే ధైర్యం లేదు. అన్నవాళ్లను వెంటబెట్టుకుని, పట్టపగలు, వీధిలో అందరూ చూస్తుండగా ర్యోజి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాడు. తన మీద అనుమానం ఉందని ఆ కుర్రాడికి అప్పుడే తెలిసింది. బిత్తరపోయి అందరినీ లోపలికి పిలిచాడు. కూర్చోబెట్టడానికి ఆసనాలు చాలకపోతే ఎవరిళ్లనుంచి వాళ్లు తెచ్చుకున్నారు. ఆ కోతల్లో తొయో అతన్నే పనికి పెట్టుకుంది. పొట్టివాడే, పైకొమ్మలు అందవు, అయినా పిలిచింది.

ఒక చోట నాలుగైదేళ్లకు మించి ఉంచరని అంటారు గానీ, కత్సుహికో పదకొండేళ్లు అక్కడే ఉన్నాడు. బదిలీ మాట వచ్చినప్పుడల్లా కన్నో పట్నం వెళ్లి పై అధికారుల ముందు కూర్చునేవాడు. 2004లో ఇక కుదరలేదు. వెళ్లే రోజు తొంభై గడపల వాళ్లూ రోడ్డు పక్కన నిలబడ్డారు. ఎనభై దాటిన తొయో బండి దాకా వచ్చి, నొబుయే చెయ్యి పట్టుకుంది.

"నువ్వొచ్చిన మొదటి మూడేళ్లు తలుపు తీయలేదు. చలిలో మీ ఆయన్ని, పాపం ఆ పిల్లాణ్ణి, బయట నిలబెట్టా. మనసులో పెట్టుకోకు," అంది.

"మీరు తీశారు పెద్దమ్మా. అదే మా అదృష్టం," అంది నొబుయే.

ఇప్పుడు నొబుయే, పదవీ విరమణ చేసిన భర్తతో యమగాతలోనే ఉంటోంది. ఏటా వసంతంలో కొత్తగా చూజైషోలకు వెళ్లే పోలీసుల భార్యలు కొందరు ఆమెను చూడటానికి వస్తారు. పల్లెటూరివాళ్లను ఎలా మంచి చేసుకోవాలండీ అని అడుగుతారు. ఆమెకు ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. మంచి చేసుకోవడం కాదమ్మా, వాళ్లు మన మంచి కోరేదాకా ఓపిక పట్టడం, అంటుంది. తర్వాత టీ పోసి, జింజోతో మొదలుపెడుతుంది. అతన్ని తాను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా తనకు ఆ లోయలో ఇంత మందిని ఇచ్చినవాడు అతనేనని ఆమె నమ్మకం. ఏటా అతని సంవత్సరీకం రోజున ఒక అగరువత్తి వెలిగించి, చేతులు జోడించి, కాసేపు అలా కూర్చుంటుంది.